ఆరింటికి అటూ ఇటూ

తొంభైల్లో మాట. తార్నాకలో రైలు పట్టాల పక్కన మా క్వార్టర్, అందులో మేం ముగ్గురమే. నాయిన గూడ్సు బండి గార్డు. ఐదూ నలభై మూడుకి బయలుదేరాలంటే ఐదూ నలభై మూడుకే గడప దాటేవాడు. అదే జబ్బు నాకూ అంటింది. యూనివర్సిటీ క్యాంపస్‌లో స్పానిష్ డిప్లొమాలో చేరాక, టైమెంత అని మేడం అడిగిన ప్రతిసారీ నిమిషాలతో సహా అప్పజెప్పేదాన్ని.

"ఇదేమన్నా రైల్వే ఎంక్వయిరీ కౌంటరా అమ్మాయ్? మనుషులు ఇలా మాట్లాడతారా?" అని మేడం తల పట్టుకునేది. ఆవిడది గుంటూరు వైపు, నవ్వుతూనే వాతలు పెట్టేది. 'అ ఏసో దె లాస్ సేయిస్' అంటే ఆరు గంటల ప్రాంతంలో. 'కాసి లాస్ సేయిస్' అంటే ఆరు కావస్తోంది. 'లాస్ సేయిస్ ఇ పీకో' అంటే ఆరూ చిల్లర. నాకు ఒక్కటీ నోరు తిరిగేది కాదు. వైవాలో ఒకసారి తప్పాను కూడా. మళ్లీ తప్పితే మాన్పించి బీఎడ్‌లో చేరుస్తానని నాయిన తేల్చి చెప్పాడు. నాకేమో ఆ భాష మీదే ప్రాణం.

వైవాకి ముందు ఆదివారం వాచీ పట్టుకుని ఆ మాటలు వల్లెవేస్తూ వంటింట్లో కూర్చున్నాను. అమ్మకు గడియారం చూడటం రాదు, అయినా ఊరికే అడిగాను.

"అమ్మా, టైమెంత?"

"నాలుగు అయితాంది" అంది, చింతపండు పిసుకుతూనే. చూస్తే మూడూ యాభై ఏడు. ఇంకాసేపటికి మళ్లీ అడిగాను. "ఐదు దాటి జరంత." ఐదూ ఆరు. బాప్‌రే! ఎన్నిసార్లు అడిగినా అంతే. మేడం బోర్డు మీద రాసిన మాటలన్నీ మా అమ్మ నోట్లో ఉన్నాయి. ఇంత విద్య ఇంట్లో పెట్టుకుని ఊరంతా తిరిగానే అనిపించింది.

"ఎట్ల తెలుస్తదే నీకు?"

"మీ నాయిన పోయేటందుకు టైముంటది గని, వచ్చేటందుకు ఉంటదా? ఇరువై ఏండ్ల సంది చెవులు తలుపుకాడనే పెట్టిన. గంటలు వాటంతల అవే ఇనవడ్తయ్."

వైవా రోజు, పరీక్ష పెట్టడానికి బయటి నుంచి వచ్చిన పెద్దాయన స్పానిష్‌లో ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. మీ నాన్నగారు ఇంటికి ఎన్నింటికి వస్తారు? గూడ్సు బండి ఎక్కడ ఆగుతుందో, ఎప్పుడు కదులుతుందో ఎవరికి తెలుసు? చెప్పడానికి నిమిషాలే లేవు. తలుపు దగ్గర నిలబడ్డ అమ్మ కళ్లముందు మెదిలింది.

"అ ఏసో దె లాస్ సేయిస్" అన్నాను.

ఆయన తలూపి టిక్కు పెట్టాడు. పక్కనున్న మేడం అమ్మయ్య అని ఊపిరి వదిలింది.

పాసయ్యానని చెప్పడానికి ఇంటికి పరుగెత్తాను.

"ఏమడిగిండ్రు బిడ్డా?"

"నాయిన ఎప్పుడొస్తడని. ఆరింటికి అటు ఇటు అని చెప్పిన."

అమ్మ విరగబడి నవ్వింది. "ఓసి నీ! నాకే ఎర్కలేదు, నువ్వెట్ల చెప్పినవే?"

నవ్వుతూనే బియ్యం కొలిచి ఎసట్లో పోసింది, ముగ్గురికి. నాయిన బండెక్కి అది మూడో రోజు. ఆ మూడు రోజులూ ముగ్గురికే వండింది.