కొలంబోలో మాకు శనివారం వచ్చింది

మా లారీ వెనక ఇరుసులో పళ్లచక్రాల జత విరిగి, బండి కూరెకుప్ప దగ్గర రాళ్ల మీద నిలబడిపోయింది. డ్రైవర్లు క్రౌన్ పినియన్ అనే ఆ జత బళ్లారిలో దొరకలేదు, మద్రాసులోనూ దొరకలేదు. కొలంబోలో పాత లారీల సామాన్లు గుట్టలుగా పోసి అమ్ముతారని ఎవరో చెప్పారు. రెండేళ్లుగా చేలల్లో గింజ లేదు, ఇల్లంతా ఆ లారీ మీదే బతుకుతోంది. అమావాస్యలోగా అది తిరగకపోతే గనివాళ్లు మా ట్రిప్పులు వేరేవాళ్లకిచ్చేస్తారు. అందుకని తిప్పయ్య మామ, నేను బయల్దేరాము. సముద్రం చూస్తానని మామ భార్య గంగమ్మత్త కూడా మూట కట్టుకుంది.

గుంతకల్లులో ఒక బండి, మద్రాసులో ఇంకో బండి మారి ధనుష్కోడి దారి పట్టాము. మండపం స్టేషన్లో సూదిమందు కాగితాలు సరిగా లేవని ఒక రోజు ఆపేశారు. వెళ్లదలచినవాళ్లు అవి ముందే చూసుకోండి. ఓడెక్కి దిగి మళ్లీ రైలెక్కి, శుక్రవారం చేరాల్సినవాళ్లం శనివారం ఉదయం ఏడు గంటలకు కొలంబో కోట స్టేషన్లో దిగాము. తిరుగు బండి ఆ సాయంత్రానికే.

స్టేషన్ ఎదురుగా హోటల్లో ఇడియాప్పం, కొబ్బరికారం పెట్టారు. అత్త వేలితో పొడిచి చూసింది.

"శావిగె చుట్టలు చుట్టినారు సరే, బెల్లంపాకం యాడప్పా?"

తర్వాత రెండంతస్తుల బస్సెక్కాము. అత్త మమ్మల్ని తోసుకుని పైకెక్కి ముందు సీట్లో కూర్చుంది. "మిద్దె మీద కూసోని పోతాండామప్పా!" అని ఆమె కేక పెడితే బస్సంతా నవ్వింది. కింద కార్లు, రిక్షాలు, గొడుగులేసుకున్న బౌద్ధ సన్యాసులు, ఎటు చూసినా జనం. గాల్ ఫేస్ దగ్గర దిగి సముద్రపు ఒడ్డున నిలబడ్డాము. అత్త దోసెడు నీళ్లు నోట్లో పోసుకుంది.

"మన డ్యాం నీళ్లు ఈడికే వస్తాయా?"

"తిరిగి తిరిగి వస్తాయేమోలే అత్తా."

"ఈడికొచ్చి చెడిపోయినాయి పాపం," అంది నోట్లోని ఉప్పునీళ్లు ఉమ్మేస్తూ.

పదకొండింటికి పంచికావత్త వీధి చేరాము. వీధంతా ఇనుమే. నాలుగో అంగట్లో మాకు కావలసిన జత దొరికింది! నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. అంగడి సాయెబు ఉర్దూ మాట్లాడతాడు, మామకు బళ్లారి బజారు ఉర్దూ వచ్చు, బేరం చిటికెలో కుదిరింది. మామ డబ్బుసంచి విప్పుతుండగా సాయెబు, "నసీబున్నవాళ్లు. కల్ ఇత్వార్, దుకాన్ బంద్," అన్నాడు.

రేపు ఆదివారమట. మామ చెయ్యి ఆగిపోయింది.

"అంటే ఈ పొద్దు శనివారమా?"

నేను పొద్దుట్నుంచీ వారం పేరెత్తకుండా నెట్టుకొస్తున్నాను. శనివారం ఇనుము కొనేది మా ఇంట్లో లేదు. మామ తమ్ముడు ఒక శనివారం నాగలికి కర్రు కొన్నాడు, నెల తిరక్కుండా జ్వరంతో పోయాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"జ్వరానికీ కర్రుకీ ఏం సంబంధం మామా? ఇంత దూరమొచ్చి ఉత్తచేతుల్తో పోదామా?"

"పోయినోడు నా తమ్ముడు," అన్నాడు మామ.

అప్పుడు అత్త ఆయన ముందుకొచ్చి చెయ్యి చాపింది.

"ఆ సంచి ఇట్లియ్యి. కొనేది నేను. శనేశ్వరుడు అడిగితే నా పేరు చెప్పు."

"నీకేమన్నా అయితే?"

"అయితే నాకొక్కదానికే కదా. లారీ కదలకపోతే ఇంటిల్లిపాదీ ఏం తినల్ల?"

మామ సంచి ఇవ్వలేదు, వద్దనీ అనలేదు. ఆమే తీసుకుంది. సాయెబు చేతికి డబ్బిచ్చి, ఆ జతను గోనెలో చుట్టించి, ఎత్తి చంకలో పెట్టుకుంది. నేను సాయం పోతే, "తాకద్దప్పా, పిల్లలుగలోడివి," అని కసిరింది. ఆ తర్వాత పేట బజారంతా తిరిగి లవంగాలు, గాజులు కొన్నాము. మామ మాత్రం మాకు నాలుగడుగుల వెనకే నడిచాడు. సాయంత్రం రైల్లోనూ, మర్నాడు ఓడలోనూ ఆ మూట ఆమె కాళ్ల దగ్గరే ఉంది.

ధనుష్కోడి రేవులో దిగేటప్పుడు ఆమె వంగి మూట ఎత్తబోయింది. మామ ముందే వంగి దాన్ని భుజానికెత్తుకున్నాడు.

"తాకద్దంటే ఇనవా? దోసం నీకూ తగులుతాది!"

"తగలనీ. ఒక్కదానివే ఎన్ని మోస్తావు?"

కొలంబోలో చూడవలసినవి చాలా ఉన్నాయి, తప్పక వెళ్లండి. అయితే మా మామ అత్త చేతిలోని బరువు అందుకోవడం నేను పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి చూసింది మాత్రం ఈ ఒడ్డునే.