నోటిమాటగా వచ్చిన బెయిలు

ఆ రోజుల్లో మా బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లలోకి ఇంగ్లీషు ఎప్పుడూ కాగితం మీదే వచ్చేది. వచ్చినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరి చేత అన్నం మానిపించేది. నాన్నగారి సర్వీసు మొత్తంలో మా గుమ్మం తొక్కిన ఇంగ్లీషు కాగితాలు పదకొండు. అందులో చార్జిషీట్లు రెండు, సంజాయిషీ అడిగినవి ఆరు, బదిలీ ఉత్తర్వులు మూడు. మంచి మాట చెప్పింది ఒక్కటీ లేదు. (నేను రెండుసార్లు లెక్కపెట్టాను.) మెచ్చుకోవలసి వస్తే పై అధికారులు కూడా హిందీలో మెచ్చుకునేవారు. అలాంటి లైన్లో పెరిగినవాడికి, ఒకరికి అవకాశం ఇవ్వడానికి ఇంగ్లీషులో బోలెడన్ని మర్యాద మాటలుంటాయనీ, వాటిలో చాలావాటికి అవకాశమన్న వాసనే ఉండదనీ ఎవరు చెబుతారు?

నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు. గతౌరా దగ్గర బొగ్గు లోడింగు చేసే ఒక ప్రైవేటు ఆఫీసులో తాత్కాలిక గుమాస్తాని. పట్టాల పక్కన నిలబడి వ్యాగన్లు లెక్కపెట్టి, ఏ వ్యాగన్లో ఎన్ని టన్నులో చీటీ రాసి లోపల ఇవ్వడం నా పని. చదువు ఇంటరుతో ఆగిపోయింది కానీ లెక్క మాత్రం నాకు నేనే నేర్చుకున్నాను. యాభై ఎనిమిది వ్యాగన్ల బరువు కాగితం ముట్టకుండా కూడేవాణ్ని. నాన్నగారి రిటైర్మెంటు ఇంక ఐదు నెలలే ఉంది. ఆ తర్వాత క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఊళ్లో అద్దెకు అడగబోతే ఇంటివాళ్లు ముందు నా ఉద్యోగం పర్మనెంటేనా అని అడుగుతున్నారు. నా పేరు పక్కనున్న 'తాత్కాలికం' అనే మాట పోతే ఇల్లు. ఉద్యోగమే పోతే మేం నలుగురం, మా సామాను, రోడ్డు.

అలా ఉండగా మా హెడ్ గుమాస్తా పని మానేసి స్వగ్రామం వెళ్లిపోయాడు. ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. మేనేజరు అప్పటికి రెండు నెలల కిందట ఎక్కడో కొండల వైపు నుంచి వచ్చినాయన. మెల్లగా మాట్లాడేవారు, అదీ ఇంగ్లీషులోనే. సోమవారం నా చీటీ తీసుకుని అందులోని మొత్తం చూశారు, ఖాళీ కుర్చీ చూశారు, నన్ను చూశారు. "వై డోంట్ యూ హేవ్ ఎ గో?" అన్నారు. ఆ సీటు పని నువ్వొకసారి చేసి చూడరాదా అని దాని అర్థం. ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆ ఆరు మాటల్లో నా చెవిన నిలిచినవి నాలుగే: వై, డోంట్, యూ, గో. నువ్వింకా ఎందుకు పోవు? పైగా నవ్వుతూ అన్నారు. రైలు సరిగ్గా సమయానికి వస్తోందని మైకులో చెబితే వెంటనే గడియారం చూసే రకాన్ని నేను. ఆ నవ్వును ఎలా నమ్ముతాను?

సాయంత్రం మా వెనక లైన్లో ఉండే మావయ్య దగ్గరికి పరుగెత్తాను. ఆయన షెడ్డు ఆఫీసులో గుమాస్తా. తన మీద వచ్చిన నాలుగు చార్జిషీట్లకూ సొంతంగా జవాబులు రాసి బయటపడ్డాడని అందరూ చార్జిషీటు మావయ్య అనేవారు.

"ఏటన్నాడ్రా? ఉన్నదున్నట్టు సెప్పు," అన్నాడు.

చెప్పాను. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అచ్ఛా. ఇది నోటి నోటీసు అల్లుడూ. ముందు నోటితో అంతారు, ఆనక కాగితం వొస్తాది. నువ్వు మాత్రం నోరిప్పకు."

ఇప్పలేదు. మంగళవారం ఆ ఖాళీ కుర్చీ దగ్గర నిలబడి ఉంటే మేనేజరు దానివైపు చెయ్యి చాపి "బీ మై గెస్ట్" అన్నారు, మొహమాటం లేకుండా కూర్చో అనే అర్థంలో. గెస్టంటే రెండు రోజులుండి వెళ్లిపోయేవాడు కదా, గడువు చెబుతున్నారనుకున్నాను. బుధవారం తన ఫ్లాస్కులోంచి నాకు టీ పోయించారు. సాగనంపే టీ అని అనుమానమొచ్చి ముట్టుకోలేదు. (ఆయన అటు వెళ్లాక తాగాను. చల్లారిపోయింది.) గురువారం నా దగ్గరికే వచ్చి, "టేక్ యువర్ టైమ్. ద బాల్ ఈజ్ ఇన్ యువర్ కోర్ట్," అన్నారు. బాల్ అన్న మాట నాకు బెయిల్ అని వినబడింది. ఊరి పక్కన బోద్రీలో అంత పెద్ద హైకోర్టు పెట్టుకుని ఇంకేం వినబడుతుంది?

ఇంట్లో చెబితే అమ్మ ఒక్కతే సరైన ప్రశ్న వేసింది. "ఎల్లిపొమ్మన్నోడు తొందర్నేదంతాడేటి?"

"అక్కా, నువ్వాగు. ఇది ఆపీసు మాట," అన్నాడు మావయ్య. తర్వాత నావైపు తిరిగి గొంతు తగ్గించాడు. "ఏటి, కోర్టు కూడా అన్నాడా? ఐతే నీ మీద ఏదో కేసెట్టేసినాడు. బెయిలు కూడా ఆడే సూసినాడంటే, మంచోడే పాపం."

మర్నాడు సెలవు పెట్టి ఇద్దరం బోద్రీ వెళ్లాం. అక్కడ ఒక వకీలు దగ్గర గుమాస్తా మావయ్యకి తెలిసిన తెలుగాయన. ఏం చేశావు బాబూ అని నన్ను అడిగాడు. యాభై ఎనిమిది వ్యాగన్ల బరువు కూడానండి అన్నాను. అందులో ఎన్ని మాయమయ్యాయన్నాడు. ఒక్కటీ లేదన్నాను. దానికాయన, కేసు పెట్టినవాడే బెయిలు కూడా ఇవ్వడం తన అనుభవంలో చూడలేదనీ, వీలైతే ఆ మేనేజరుని ఒకసారి చూపించమనీ అన్నాడు. అందులో వెటకారం ఉందని మావయ్య ఒప్పుకోలేదు. తిరుగుదారిలోనే జవాబు మనసులో రాసేశాడు.

ఆ జవాబు ఇంగ్లీషులో పంతొమ్మిది లైన్లు. సోమవారం తమరు నోటితో చెప్పిన 'గో', గురువారం ఇచ్చిన 'బెయిలు', రెండూ నాకు అక్కర్లేదనీ, నేనే తప్పూ ఎరగననీ, ఉన్నచోటే ఉండనివ్వమనీ సారాంశం. శనివారం రెండు చేతులతో అందించాను. చదువుతూ మేనేజరు ముఖం చిన్నబోయింది.

"సో, యూ డోంట్ వాంట్ ఇట్?"

"నో సార్. ఐ డోంట్ వాంట్," అన్నాను, మావయ్య నేర్పినట్టు గట్టిగా.

ఆయన తలూపి కాగితం మడిచారు. నాతో పాటు పనిచేసే ఇంకో గుమాస్తాని పిలవడానికి బల్ల మీది గంట వైపు చెయ్యి చాపారు. మా ఇల్లూ, నా పదోన్నతీ ఆ చేతికీ గంటకీ మధ్య ఉన్న జానెడు దూరంలో ఉన్నాయని నాకు తెలియదు. పైగా గెలిచానని ఛాతీ విరుచుకు నిలబడ్డాను. చెయ్యి ఆగింది. ఏదో గుర్తొచ్చినట్టు కాగితం మళ్లీ విప్పి ఒక మాట మీద వేలుపెట్టారు.

"బెయిల్?"

"యెస్ సార్. మై కోర్ట్," అని కిటికీలోంచి చూపించాను. "బోద్రీ."

ఆయన నవ్వలేదు. భుజాలు మాత్రం కొంచెం కదిలాయి. తర్వాత పెన్సిలు తీసి మావయ్య జవాబు వెనకవైపు ఒక పెట్టె గీసి, మధ్యలో అడ్డంగా వల గీసి, నావైపు ఒక చిన్న బంతి పెట్టారు: కోర్టంటే ఆడే చోటు, బంతి నా వైపుంది, తేల్చుకోవలసింది నేనే అని. అప్పుడు లేచి వచ్చి, హెడ్ గుమాస్తా కుర్చీ బయటకి లాగి, నేను ఆయన నోట ఎన్నడూ వినని హిందీలో అన్నారు: "బైఠో. యే కామ్ ఆప్ కరో."

ఆ ఐదు మాటలూ ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూసుకున్నాను. వాటిలో కూర్చోమనడం ఉంది, ఈ పని చెయ్యమనడం ఉంది, ఎక్కడా పొమ్మనడం లేదు. అయినా ఎన్ని రోజులని అడగకుండా ఉండలేకపోయాను. "కిత్నే దిన్, సర్?"

"యాజ్ లాంగ్ యాజ్ యూ లైక్," అన్నారు. మళ్లీ ఇంగ్లీషే.

నాలుగో నెలలో నా పేరు పక్కనున్న ఆ మాట కొట్టేశారు, అమ్మకి నచ్చిన ఇల్లు దొరికింది. ఆ కుర్చీలో నేను పద్నాలుగేళ్లు పనిచేశాను. కానీ మొదటి ఆరు నెలలూ దాని ముందు సగం మీదే కూర్చున్నాను, లెమ్మంటే ఆలస్యం కాకుండా. ఇప్పుడు తలుచుకుంటే ఆ కుర్రాడి భుజం మీద చెయ్యివేసి, కాస్త వెనక్కి ఆనుకో నాయనా అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా లాభం లేదు. ఎందుకు ఆనుకోమంటున్నానా అని నన్ను కిందనుంచి పైదాకా ఒకసారి చూసి, ఇంకో అంగుళం ముందుకి జరిగేవాడు.