రెండూ ఎడమ చేతులే

పరాకమ్మ ఇల్లు కదలాలంటే అదో పెద్ద తతంగం. చెప్పులేసుకుని గుమ్మం దాటాక తాళంచెవి గుర్తొస్తుంది. దానికోసం లోపలికొస్తే పొయ్యి మీద పాలు పొంగిపోతూ కనిపిస్తాయి. పాలు దించి గట్టు తుడుస్తుంటే కిటికీలో మొక్క తల వాల్చేసి ఉంటుంది. అయ్యో పాపం అని దానికి నీళ్ళు పోస్తుంది. ఈలోగా అసలెందుకు లోపలికొచ్చిందో మర్చిపోయి వంటింటి మధ్యలో చెంబు పట్టుకుని నిలబడిపోతుంది. తాళంచెవి తలుపుకే వేలాడుతూ ఉంటుంది!

ఒకసారి ఆమె ఫోను ఫ్రిజ్‌లో దొరికింది. కరెంటు పనులు చేసే ఆమె మొగుడు దాన్ని తీసి చేతికిస్తూ, "చల్లబడిందిలే, ఇక ఎంతసేపైనా మాట్లాడుకో" అన్నాడు. కూతురు పడీపడీ నవ్వింది. పరాకమ్మ కూడా నవ్వింది. నవ్వడం ఆమెకు బాగా అలవాటు. ముందే నవ్వేస్తే ఎదుటివాళ్ళు తిట్లు కాస్త తగ్గిస్తారు.

పరాకమ్మ అన్నది ఆమె అసలు పేరు కాదు. చిన్నప్పుడు వాళ్ళ నాన్న పెట్టింది, అలాగే అతుక్కుపోయింది. బడిలో గంతులేసే పిల్లయితే ఎవరైనా పట్టించుకునేవాళ్ళేమో. ఈ పిల్ల కిక్కురుమనేది కాదు. టీచరు వైపే చూస్తూ కూర్చునేది. టీచరు చీర అంచు కుట్టు ఎక్కడ ఊడిందో కూడా చెప్పగలిగేది, పాఠం మాత్రం చెప్పలేకపోయేది. తెలివి ఉంది కానీ ఒళ్ళు వంగదు అని తేల్చేశారు. వినీ వినీ ఆమె కూడా అదే నమ్మేసింది.

ఆమెకు నిలకడ దొరికింది ఒక్క బట్ట దగ్గరే. కత్తెర పట్టిందంటే చుట్టూ లోకం ఉండేది కాదు. మార్కెట్ వీధి చివర ఆడవాళ్ళ బట్టలు కుట్టే చిన్న దుకాణంలో పనికి చేరింది. దుకాణం టేపక్కది. పొద్దున లేచింది మొదలు మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగే మనిషి కాబట్టి వీధి వీధంతా ఆమెను టేపక్క అనే పిలిచేవాళ్ళు. మధ్యలో పొడవాటి బల్ల. ఒకవైపు పరాకమ్మ కత్తిరింపు, రెండోవైపు టేపక్క మిషను. గోడకి మేకులు, మేకులకి అట్ట ముక్కలు. అంటే చేతులకో అట్ట, మెడకో అట్ట, బట్ట మీద పరిచి చుట్టూ సుద్దతో గీసుకునేవి.

చేరిన కొత్తలో పరాకమ్మ చేసిన అఘాయిత్యాలు అన్నీ ఇన్నీ కావు. బొద్దుగా ఉండే బ్యాంకు మేడమ్ కొలతలతో ఆవిడ పక్కన నిలబడ్డ చిన్నపిల్ల గౌను కత్తిరించింది. టేపక్క ఆ గౌనును రెండు చేతులా ఎత్తి పట్టుకుని, "ఇందులో ఆ పిల్లతో పాటు దాని క్లాసు మొత్తం పడుతుందే" అని నవ్వింది గానీ ఒక్క మాట అనలేదు.

మర్నాడు పొద్దున్నే మాత్రం ఒక కొత్త పద్ధతి పెట్టింది.

"పిల్లా, నాకీమధ్య మతిమరుపు ఎక్కువైపోతోందే. ఏ పనైనా ఇద్దరం పైకి చెప్పుకుంటూ చేద్దాం. నువ్వంటే నేను తిరిగి అంటాను, నేనంటే నువ్వు."

"ఎట్లా అక్కా?"

"ఇట్లా. ఎడమ చెయ్యి అను."

"ఎడమ చెయ్యి."

"ఎడమ చెయ్యి, విన్నాను. ఇప్పుడు కుడి చెయ్యి. అట్ట తిప్పావా?"

"తిప్పాను."

"అయితే కొయ్యి."

ఆ 'తిప్పావా' అన్నది చాలా ముఖ్యం. బట్టను మడిచి కోస్తే రెండు చేతులూ జతగా వాటంతటవే వచ్చేస్తాయి. బట్ట చాలక విప్పి ఒంటి పొర మీద కోయాల్సొచ్చినప్పుడే తంటా. ఒక చెయ్యి కోశాక అట్టను బోర్లా తిప్పాలి. తిప్పకపోతే రెండూ ఒకే వైపువి వస్తాయి.

సాయంత్రం దుకాణం కట్టేసేటప్పుడు కూడా ఇదే వరస. గుమ్మంలో నిలబడి టేపక్క అడిగేది, "సంచి?" "సంచి." "తాళం?" "తాళం." "గొడుగు?" "అయ్యో, గొడుగు!" అని పరాకమ్మ లోపలికి పరిగెత్తేది. ఇద్దరూ పగలబడి నవ్వుకుని ఇంటిదారి పట్టేవాళ్ళు.

అలా ఏళ్ళు గడిచిపోయాయి. పరాకమ్మ చేతి కత్తిరింపుకి పేరొచ్చింది. తను బాగుపడ్డానని, వయసుతో పాటు బుద్ధొచ్చిందని మురిసిపోయింది. ఇంట్లో మాత్రం ఉతికిన బట్టలు వాషింగ్ మిషన్లోనే ఉండిపోయి వాసన కొట్టేవి, మళ్ళీ ఉతికేది. కూతుర్ని బడి నుంచి తీసుకురావడం మర్చిపోతే ఆ పిల్ల గేటు దగ్గర వాచ్‌మన్‌తో కబుర్లు చెబుతూ కూర్చునేది. ఇంట్లో అలా, దుకాణంలో ఇలా ఎందుకుందో ఆమె ఎప్పుడూ ఆలోచించలేదు.

చివరికి చెడగొట్టింది ఒక చిన్న ఎగతాళి. కొలతలివ్వడానికి వచ్చిన ఒకావిడ వీళ్ళిద్దరి వరస కాసేపు చూసి, "ఏమ్మా, ఇంత వయసొచ్చి ఇంకా పాఠం అప్పజెబుతున్నావా? తప్పు చెబితే గోడకుర్చీ వేయిస్తుందా?" అంది. అక్కడున్నవాళ్ళంతా గొల్లుమన్నారు. పరాకమ్మ కూడా అలవాటుగా నవ్వింది. కానీ లోపల తల కొట్టేసినట్టయింది. ఆవిడ వెళ్ళాక సుద్దముక్క బల్ల మీద పడేసి, "ఇకనుంచి నేను పైకి చెప్పనక్కా. నేనేం చిన్నపిల్లనా?" అంది.

టేపక్క మిషను ఆపి చూసింది. "సరే, నీ ఇష్టం" అంది.

ఆ వారంలోనే టేపక్క ఇంటినుంచి ఒక మూట తెచ్చి విప్పింది. ముదురాకుపచ్చ మఖమల్. వాళ్ళమ్మ ఎప్పుడో కొనుక్కుని, మనసొప్పక కుట్టించుకోకుండానే పోయిందట. టేపక్క కూతురు కాలేజీలో మొదటిసారి స్టేజీ ఎక్కి పాడబోతోంది. ఆ బట్టతో దానికో పొడుగు చేతుల గౌను.

"బట్ట సరిగ్గా సరిపోతుందంతే, ఇంచు కూడా మిగలదు. నువ్వే కొయ్యాలి" అని, లోపల వేసే లైనింగు గుడ్డ కొనడానికి బజారుకెళ్ళింది. గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగింది. ఏదో అనబోయి మానేసి వెళ్ళిపోయింది.

మఖమల్‌కి నూగు ఉంటుంది. ఒకవైపు నిమిరితే మెరుస్తుంది, ఎదురు నిమిరితే నల్లబడుతుంది. ముక్కలన్నీ ఒకే నూగులో కోయాలి, ఏ ముక్కనీ తలకిందులు చెయ్యకూడదు, లోపలి వైపు పైకి వెయ్యకూడదు. పరాకమ్మ ఒంటి పొర పరిచి నూగు సరిచూసి ఎడమ చెయ్యి కోసింది. కత్తెర వెన్నలో దిగినట్టు దిగింది. ఆ మెరుపు చూస్తుంటే మెడ దగ్గర చిన్న మడత పెడితే ఎంత బావుంటుందో అనిపించింది. ఆ మడత కళ్ళముందు కదులుతుండగానే పక్కన అట్ట పెట్టి రెండో చెయ్యి కూడా కోసేసింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసుకుంది.

రెండూ ఎడమ చేతులే.

బల్ల అవతలి నుంచి 'తిప్పావా' అని అడిగే గొంతు లేకపోవడం అప్పుడు తెలిసింది.

టేపక్క తిరిగొచ్చేసరికి పరాకమ్మ ఆ ముక్కల్నే అటూ ఇటూ తిప్పి చూస్తోంది. తప్పైపోయిందక్కా అన్న ఒక్క మాట చాలు. అది గొంతు దాకా వచ్చింది కూడా. కానీ చిన్నప్పటినుంచీ పడ్డ మాటలన్నీ ఒక్కసారి మీదికొచ్చినట్టయి నోటెంట ఇంకేదో వచ్చింది.

"ఇదిగో, చూడు! నీ నస వల్లే నా చెయ్యి పాడైపోయింది. నన్నేదో ఉద్ధరిస్తున్నట్టు ఊరంతా చూడాలనేగా ఆ పాఠాలు? లోకంలో నువ్వొక్కదానివే బుద్ధిమంతురాలివి!"

టేపక్క ఆ రెండు ముక్కల వైపు చూసింది, ఈమె వైపు చూసింది. పరాకమ్మ విసురుగా వెళ్ళిపోయింది. సంచి, గొడుగు అక్కడే వదిలేసింది. మర్నాడు మొగుడెళ్ళి తెచ్చాడు. "ఏమీ అనలేదావిడ. నువ్వు అన్నం తిన్నావా అని అడిగింది" అన్నాడు. పరాకమ్మ దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. రేపు వెళ్దాం అనుకుంది. ఆ రేపు తర్వాత మొహం చెల్లలేదు.

తర్వాత ఒక పెద్ద బట్టల షోరూంలో ప్యాంట్లు పొట్టి చేసే పనిలో కుదిరింది. ఒక కాలు పొట్టి, ఒక కాలు పొడుగు. సూపర్‌వైజరు, "మేడమ్, కస్టమరు కుంటుకుంటూ వచ్చాడు" అనేవాడు. అక్కడ మానేసి ఇంకోచోట చేరింది. అక్కడా అంతే. కత్తిరింపు ఎవరూ ఇవ్వడం మానేశారు, గుండీలు కుట్టే పనికి దిగింది. రోజు గడిచేసరికి రాళ్ళు మోసినంత అలసట. గుండీలు కుట్టడానికి ఇంత అలుపేమిటని ఇంట్లోవాళ్ళు ఆశ్చర్యపోయేవాళ్ళు. తప్పు బయటపడకుండా దినమంతా కాపలా కాసుకోవడానికి ఎంత సత్తువ కావాలో వాళ్ళకేం తెలుసు?

ఈలోగా కూతురు కాలేజీకొచ్చింది. పరీక్ష హాల్లో కిటికీ బయటికి చూస్తూ సగం పేపరు వదిలేసిందని అక్కడివాళ్ళు మానసిక వైద్యురాలి దగ్గరికి పంపారు. పరాకమ్మ తోడెళ్ళింది. డాక్టరమ్మ పిల్ల చిన్నతనం గురించి అడుగుతోంది. వస్తువులు పారేసుకునేదా? చెప్పింది సగంలో వదిలేసేదా?

"అదేముంది డాక్టరమ్మా, అది రోగమా? నేనూ అంతే!" అంది పరాకమ్మ.

డాక్టరమ్మ ఆమె వైపు తిరిగింది. "మీరూ అంతేనా? అయితే మీరూ ఒకసారి విడిగా రండి."

తర్వాత రెండుమూడుసార్లు వెళ్ళి మాట్లాడాక తేలింది. ఏకాగ్రత లోపం, ఏడీహెచ్‌డీ అంటారంది డాక్టరమ్మ. "ఆడపిల్లల్లో చాలాసార్లు ఎవరికీ కనపడదండీ. గోల చెయ్యరు కదా. పరుగంతా లోపలే. పైకి నవ్వుతూ నెట్టుకొచ్చేస్తారు. బద్ధకమని అందరూ అంటే నిజమే కాబోలనుకుంటారు." తర్వాత మామూలుగా అడిగింది. "కత్తిరింపు పనంటున్నారు. పొరపాటైతే బట్ట పోతుంది. మరి అన్నేళ్ళు ఎలా చేశారు?"

"మా టేపక్క ఉండేది" అని నోరు జారినట్టు వచ్చేసింది. ఆ మాట తన చెవిన తనకే పడ్డాక పరాకమ్మ మొదటిసారి ఆలోచనలో పడింది. టేపక్క కొలత మర్చిపోగా తను ఒక్కరోజైనా చూడలేదు. వీధిలో అందరి నడుము చుట్టుకొలతా నోటికి చెప్పే మనిషికి మతిమరుపేమిటి?

మందులు మొదలయ్యాయి. ఇప్పుడు మొక్కకి నీళ్ళు పోసి, మళ్ళీ తాళంచెవి దగ్గరికి రాగలుగుతోంది, చాలాసార్లు. కానీ కుదురుకున్న మనసుతో కూర్చుంటే ఒక్కటే గుర్తొస్తోంది. ఆ బల్లకి ఇవతలి వైపు మళ్ళీ నిలబడాలి. "వెళ్ళి చెప్పెయ్యమ్మా, ఎన్నాళ్ళిలా?" అంది కూతురు.

వాన పడుతుండగా వెళ్ళింది. దుకాణం అలాగే ఉంది. బల్ల ఇవతలి వైపు ఎవరో పాతికేళ్ళలోపు అమ్మాయి బట్ట పరుస్తోంది. టేపక్క జుట్టు తెల్లబడింది. మెడలో టేపు మాత్రం ఉంది.

"ఎవరూ, పరాకమ్మా? తడిసిపోయావే. ఆ గొడుగు మూల పెట్టి కూర్చో."

పరాకమ్మ కూర్చోలేదు. నిలబడే గడగడా అంతా చెప్పేసింది. డాక్టరమ్మ అన్నది, జబ్బు పేరు, చిన్నప్పటి సంగతులు, అన్నీ. టేపక్క వింటూ సూదిలో దారం ఎక్కించుకుంది.

"పేరు నాకు తెలీదు గానీ, నువ్వంతే అని మొదట్లోనే తెలుసే. అందుకేగా ఆ చెప్పుకోవడం పెట్టింది."

"మరి అప్పుడే నాతో అనొచ్చుగా అక్కా?"

"ఏమనను? నీకు ధ్యాస నిలవదు, నేను కాపలా ఉంటాననా? చిన్నబుచ్చుకోవూ? అందుకే మతిమరుపు నా మీద వేసుకున్నాను."

పరాకమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఆ మఖమల్?"

"ఏముంది, చేతుల్లేకుండా కుట్టాను. ఆ రెండు ముక్కలూ సన్నటి పట్టీలుగా కోసి భుజాలకి వేశాను. ఇదేం ఫ్యాషనని అందరూ అడిగారట. ఆ సాయంత్రమే అయిపోయింది. కాస్త ఆగుంటే ఇద్దరం కలిసే చేసేవాళ్ళం."

"నన్ను క్షమించక్కా."

"చేతులకి కాదే నా బాధ. కుట్టు తప్పైతే విప్పి సర్దుతాం. ఉద్ధరిస్తున్నట్టు చూపించుకుంటున్నానన్నావే, ఆ మాట ఎక్కడ విప్పను? ఎన్నాళ్ళు ఆ గుమ్మం వైపు చూశాననుకున్నావ్?"

పరాకమ్మ బల్ల మీది సుద్దపొడి వేలితో తుడిచింది. చివరికి అడగాల్సింది అడిగేసింది. "మళ్ళీ రానా అక్కా, పనికి?"

టేపక్క మెడలో టేపు సర్దుకుంటూ బల్ల వైపు చూసింది. బల్ల దగ్గరి అమ్మాయి తల వంచుకుని సుద్దతో గీతలు గీస్తోంది.

"ఈ బల్లకి రెండు వైపులే ఉన్నాయే" అంది టేపక్క మెల్లగా. "ఈ పిల్లని ఇప్పుడు పొమ్మంటే ఎక్కడికి పోతుంది? అప్పుడప్పుడు వస్తుండు. టీ తాగుదాం."

అందులో కోపం లేదు. ఉంటే బావుండనిపించింది పరాకమ్మకి. కోపమైతే బతిమాలి కరిగించొచ్చు.

గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి, "సంచి?"

పరాకమ్మ భుజం తడుముకుంది. "సంచి."

"గొడుగు?"

ఆమె తిరిగి చూసింది. గొడుగు మూలలో నీళ్ళు కారుస్తూ అలాగే ఉంది. టేపక్క లేచొచ్చి అందించింది. ఇద్దరూ నవ్వబోయారు గానీ నవ్వు పూర్తిగా రాలేదు.

బయట చూరు కింద నిలబడి పరాకమ్మ గొడుగు విప్పుతోంది. లోపల మిషను మొదలై, ఆగింది.

"తిప్పావా?" అంది టేపక్క గొంతు.

పరాకమ్మ పెదవులు కదిలాయి. అంతలోనే లోపలినుంచి ఆ అమ్మాయి అంది, "తిప్పాను."