ఆదిశేషయ్య రెండు కాళ్లు

ఆదిశేషయ్య కారు నేర్చుకున్నది సరదాకి కాదు. యుద్ధం పుణ్యమా అని నూలు దొరకడం మానేసింది. బెజవాడ కొత్తపేటలో ఆయన తాత నాటి గుంట మగ్గం పడుగు లేక ఆరు నెలలుగా ఖాళీగా పడి ఉంది. నలభై ఏళ్లు దగ్గర పడుతున్న మనిషికి నేత తప్ప మరో విద్య రాదు. ఆయన నేసిన చీరలు కొనే షావుకారు వెంకటప్పయ్యే ఒక దారి చూపించాడు. షావుకారు కారు నడిపే శౌరయ్య నెలాఖరుకి లారీ పనికి వెళ్లిపోతున్నాడు. ఆలోగా నేర్చుకుంటే ఆ పని ఆదిశేషయ్యది, లేదంటే ఇంకొకరిది.

మొదటి రోజు బందరు రోడ్డు మీద శౌరయ్య ముక్కున వేలేసుకున్నాడు. కొత్తవాళ్లకి చుక్కలు చూపించేది బండి కదిలించడమే. ఎడమకాలు క్లచ్చి మీంచి లేస్తుంటే కుడికాలు అదే లెక్కలో దిగాలి. గుంటలో కూర్చుని పాతికేళ్లు తొక్కుడు కర్రలు తొక్కినవాడికి అదొక పనా? ఒకటి దిగితే ఒకటి లేవడమే కదా నేతంటే. కారు కుదుపన్నది లేకుండా కదిలింది.

"ఇంతకుముందు ఎక్కడ నేర్చావయ్యా?" అన్నాడు శౌరయ్య.

ఆ ముచ్చట ఫర్లాంగు దూరం కూడా నిలవలేదు. జట్కా ఒకటి అడ్డం వచ్చింది. ఆపాలంటే కుడికాలు బ్రేకునీ ఎడమకాలు క్లచ్చినీ కలిపి తొక్కాలి. ఆదిశేషయ్య కుడికాలు దిగింది. ఎడమకాలు బిగుసుకుని పైనే ఉండిపోయింది. కారు ఎగిరిపడి ఆగింది, ఇంజను చచ్చింది. శౌరయ్య దిగి, ముందుకెళ్లి, హ్యాండిలు తిప్పి మళ్లీ బతికించాడు. మళ్లీ ఆపమంటే మళ్లీ అదే తంతు.

నేతగాడి కాళ్లు రెండూ ఒక్కసారి దిగవు. దిగితే పడుగు విచ్చుకోదు, పేక పోగుని అటూ ఇటూ మోసే నాడె మధ్యలో ఇరుక్కుని పోగులు తెగుతాయి. పన్నెండో ఏట ఆ తప్పు చేసినందుకు తండ్రి ఆయన పిక్కల మీద వాతలు తేలేలా కొట్టాడు.

"నాకు తెలుసండీ శౌరయ్యగారూ, నా కాళ్లకే తెలీటం లేదు."

"వాటికి తెలిసేలోగా నా భుజం ఊడిపోద్దయ్యా!"

మూడు వారాలు అలాగే గడిచాయి. సోమవారం తానే ఎక్కి చూస్తానని షావుకారు కబురంపాడు. ఆదివారం అన్నం ముందు కూర్చుని ఆదిశేషయ్య సంగతంతా భార్యతో చెప్పాడు. రాఘవమ్మ ఖాళీ మగ్గం వైపు చూసింది.

"మగ్గంలో కూర్చోండి. రెండూ కలిపి తొక్కండి."

"మతిపోయిందా నీకు? అలా తొక్కినందుకే మా నాన్న నన్ను కొట్టిన మగ్గం అది!"

"దానిమీద పడుగేదండీ, తెగటానికి?"

ఆ మాట నిజం కాబట్టే ఆయనకి గుండెలో కలుక్కుమంది. గుంటలోకి దిగి, ఎప్పటిలాగే మగ్గాన్ని కళ్లకద్దుకుని, ఈసారి తప్పు క్షమించమని కూడా దణ్ణం పెట్టి, పొద్దుగూకే దాకా రెండు కాళ్లూ కలిపి తొక్కాడు. మొదట్లో కళ్లు మూసుకుని తొక్కాడు.

మర్నాడు బందరు కాలవ వంతెన దగ్గర గేదె అడ్డం వచ్చింది. రెండు కాళ్లూ దిగాయి. కారు నిలిచింది, ఇంజను ఆడుతూనే ఉంది. వెనక సీట్లో షావుకారు కిళ్లీ నమలడం కూడా ఆపలేదు. ఆ రోజు నుంచి ఆదిశేషయ్య డ్రైవరు.

యుద్ధం అయిపోయిన రెండో ఏడు నూలు మళ్లీ వచ్చింది. సెలవు రోజున రాఘవమ్మ కోసం ఒక చీర నేద్దామని ఆయన సంబరంగా పడుగెక్కించి కూర్చున్నాడు. బెత్తెడు బట్ట సాగిందో లేదో, రెండు కాళ్లూ కలిసి దిగాయి. నాడె ఇరుక్కుంది, పోగులు పుటపుటా తెగాయి. మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తెగాయి. పాతికేళ్ల విద్య తన కాళ్లలోంచి పోయిందని తెలిసి ఆదిశేషయ్య ఏడ్చాడు.

"లేవండి" అంది రాఘవమ్మ. నేత ఆవిడకీ పుట్టింటి విద్యే; కొంగు దోపుకుని తానే గుంటలోకి దిగింది. ఆ చీర ఆవిడే నేసింది. ఆయన పక్కన కూర్చుని తెగిన పోగులు ముడేశాడు.