పదకొండో ప్రశ్న

మా కొచ్కోర్ ఊరి పాలీక్లినిక్‌లో టీకాలు వేసే నర్సు బురుల్‌కు అమెరికా వీసా లాటరీ తగిలిందన్న కబురు ఊరంతా పాకడానికి ఒక్క పూట పట్టింది. సూది వేయించడానికి పిల్లల్ని తెచ్చిన తల్లులు పిల్లల చేతులు పట్టుకోవడం మానేసి ఆమె మొహంలోకి చూడసాగారు. "ఇంక మా పిల్లల ఏడుపులు నీకెందుకులే" అని ఒకామె దెప్పింది కూడా. బురుల్ నవ్వి ఊరుకుంది. నవ్వి ఊరుకోవడం ఆమెకు బాగా పట్టుబడిన విద్య. పద్నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో సాధన చేసింది మరి.

లాటరీ తగిలినంత మాత్రాన అయిపోలేదు. వచ్చే నెల పద్దెనిమిదిన పట్నంలోని ఎంబసీలో ఇంటర్వ్యూ ఉంది. అద్దాల కిటికీ ముందు నిలబడి, అడిగినదానికల్లా తడుముకోకుండా చెప్పాలి. ఇంట్లో ఇంగ్లీషు వచ్చింది ఒక్క సెజిమ్‌కే. పదమూడేళ్ళది, ఎనిమిదో తరగతి, మాటకు మాట అప్పజెప్పే రకం. అందుకని ఆఫీసరు వేషం ఆమెకే పడింది. ఫోన్లో దొరికిన ప్రశ్నలన్నీ గళ్ళ నోటుబుక్కులోకి ఎక్కించి, ఒక్కో ప్రశ్న పక్కన మార్కు కోసం చిన్న గడి గీసింది. మార్కులు బళ్ళో లాగే ఐదుకి. బురుల్ డ్యూటీ దిగి రాగానే వంటగది బల్ల దగ్గర పాఠం మొదలయ్యేది.

"నవ్వకు వదినా. నవ్వితే అబద్ధం చెప్తున్నావనుకుంటారు."

"ఏడిస్తే?"

"ఏడిస్తే జబ్బేదో ఉందనుకుంటారు. మొహం మా లెక్కల టీచర్లా పెట్టు."

పొయ్యి దగ్గర పిండి మర్దిస్తున్న అత్తగారు కలీచా తల తిప్పకుండానే అంది: "మీ లెక్కల టీచర్ని ఏ దేశమూ రానివ్వదులే."

బురుల్ కొడుకులిద్దరూ, తొమ్మిదేళ్ళ బెక్తుర్, ఆరేళ్ళ ఎర్లాన్, బల్ల కింద పడి నవ్వారు. మొదటిరోజు పేరు చెప్పినందుకు నాలుగు, ఉద్యోగం గురించి చెప్పినందుకు మూడు, చదువుకి మళ్ళీ నాలుగు వచ్చాయి. పది ప్రశ్నలు అలా నవ్వులాటగా గడిచిపోయాయి. పదకొండోది సెజిమ్ ముందు ఇంగ్లీషులో చదివింది. తర్వాత వదినకు అర్థం కాలేదేమోనని తనే మన మాటల్లో చెప్పింది.

"మీకు పిల్లలెంతమంది? మీ దగ్గరున్నవాళ్ళు, లేనివాళ్ళు, ఇంకొకరికి పెంపకానికి ఇచ్చినవాళ్ళు, అందరూ కలిపి."

చదవడం పూర్తయ్యాకే ఏం చదివిందో ఆ పిల్లకు తెలిసినట్టుంది. పెన్ను మూత పెట్టి తీసింది. పొయ్యి దగ్గర పిండి మీద దెబ్బలు ఆగిపోయాయి.

సెజిమ్ కాగితాల్లో బురుల్‌కు ఆడపడుచు, ఆమె భర్త తాలాయ్‌కి చెల్లెలు. కడుపున మోసి కన్నది మాత్రం బురుల్.

ఇందులో దాచిందేమీ లేదు. మొదటి బిడ్డను అత్తమామలకివ్వడం మా వైపు ఉన్నదే. ఇరవై ఏళ్ళకు బురుల్ కోడలిగా వచ్చింది, ఏడాది తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. నలభయ్యో రోజు స్నానమయ్యాక కలీచా పిల్లను తువ్వాల్లో చుట్టి తన గదిలోకి తీసుకుపోయింది. ఇస్తావా అని ఎవరూ అడగలేదు, ఇవ్వనని ఎవరూ అనలేదు. జనన పత్రంలో తల్లి అన్నచోట కలీచా పేరు, తండ్రి అన్నచోట అప్పటికింకా బతికే ఉన్న మామగారి పేరు ఎక్కాయి. బురుల్ పాలు గుడ్డ కట్టుకుని ఇంకించుకుంది. పిల్లకు టీకాలన్నీ తనే వేసింది. టీకా కార్డులో తల్లి పేరు దగ్గర కలీచా అని తన చేత్తోనే గుండ్రంగా రాసింది. ఎనిమిది టీకాలకు ఎనిమిదిసార్లు రాసింది.

సెజిమ్‌కు మాటలొచ్చాయి. కలీచాను అమ్మా అని, తాలాయ్‌ని అన్నయ్యా అని, బురుల్‌ను వదినా అని పిలిచింది. మొదట్లో ఆ గొంతు అమ్మా అన్నప్పుడల్లా బురుల్ తల అటు తిరిగిపోయేది. తిరగకుండా ఉండడం నేర్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. గిన్నె తోముతుంటే గిన్నె వైపే చూడాలి, పాలు పితుకుతుంటే పొదుగు వైపే చూడాలి. చివరికి నేర్చుకుంది. ఆడదానికి ఇలాంటివి నేర్పే బడి ఒకటి ప్రతి ఇంట్లోనూ ఉంటుంది, దానికి సెలవులుండవు. విషయం పిల్లకూ తెలుసు. ఊళ్ళో ఎవరు చెప్పరు గనక. తెలిసినట్టు ఒక్కనాడూ బయటపడలేదు, అంతే. వరస తప్పింది తమ్ముళ్ళిద్దరే. వాళ్ళకు ఆమె మేనత్త కావాలి. ఎవరూ నేర్పకుండానే అక్కా అన్నారు, ఎవరూ దిద్దలేదు.

"టూ" అంది బురుల్.

"గట్టిగా చెప్పు వదినా. అద్దం అవతలికి వినపడాలి."

"టూ."

సెజిమ్ ఆ గడిలో మార్కు వేయలేదు. పన్నెండో ప్రశ్నకు పోయింది.

మర్నాడు బురుల్ బజారులో ఫొటోలు తీసే కుబాత్ కొట్టుకు వెళ్ళింది. నిరుడు లాటరీ దరఖాస్తు నింపింది అతనే.

"నిన్ను నేను అడగలేదా అక్కా, పిల్లలెంతమందని?"

"అడగలేదు. జనన పత్రాలివ్వమన్నావు. ఇచ్చాను."

కుబాత్ కంప్యూటర్లో నిబంధనలు మళ్ళీ చదివాడు. రెండోసారి చదివేటప్పటికి గొంతు తగ్గింది. కన్న పిల్లలందర్నీ రాయాలట, కాగితాల్లో ఎవరి పేరున ఉన్నా సరే.

"ఇప్పుడు ఆ పిల్ల పేరు చెప్పావనుకో, అప్పుడెందుకు రాయలేదని అందరి వీసాలూ ఆపేస్తారు. చెప్పలేదనుకో, వాళ్ళ లెక్కలో నీకు ఆ పిల్ల లేదు. రేపు అక్కడికి పోయి తెచ్చుకుంటానంటే ఎవరు తను అంటారు. పైగా చెయ్యెత్తి ప్రమాణం చేయిస్తారక్కా."

బురుల్ ఇంటికి నడిచి వెళ్ళింది. దారిలో తెలిసినవాళ్ళు ఇద్దరు ఎప్పుడు ప్రయాణమని అడిగారు, ఇద్దరికీ ఒకే జవాబు చెప్పింది. వెళ్ళనంటే పోలేదా అని ఆమెకు మాత్రం తోచలేదా? తాలాయ్ తొమ్మిదేళ్ళు మాస్కోలో లారీ నడిపి, నడుం విరగ్గొట్టుకుని, మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టవద్దన్న ముద్రతో తిరిగొచ్చాడు. లాటరీ తగిలిన రోజు నుంచీ నిద్రలో కూడా నవ్వుతున్నాడు. వెళ్ళననాలంటే అతనికి కారణం చెప్పాలి. కారణం చెప్పడమంటే సెజిమ్ నా బిడ్డ అనడమే. ఆ మాట అన్నరోజున కలీచా ఒళ్ళోంచి పిల్లను లాక్కున్నట్టే. ఎటు తిరిగినా గోడే అయినప్పుడు మనిషి చేసే పనే బురుల్ కూడా చేసింది. ఇంటికి పోయి బంగాళాదుంపలు చెక్కు తీసింది.

కలీచా పక్కకు వచ్చి కూర్చుని తనూ ఒక కత్తి తీసుకుంది. యాభై ఎనిమిదేళ్ళ ఆ మనిషి ఇప్పటికీ గుర్రమెక్కి మందను కొండకు తోలుకుపోగలదు, ఊళ్ళో ఆమెకు ఎదురు చెప్పేవాళ్ళు తక్కువ.

"కుబాత్ ఏమన్నాడు?"

బురుల్ చెప్పింది. కలీచా చేతిలో దుంప పూర్తిగా చెక్కి గిన్నెలో వేసింది.

"ఇచ్చింది నువ్వు. తీసుకుంది నేను. పదమూడేళ్ళు ఇద్దరం నోరు మూసుకునే బతికాం కదే. ఇంకో అరగంట మూసుకోలేవా?"

"మూసుకోమంటే మూసుకుందును అత్తయ్యా. నోరు తెరిచి లేదనమంటున్నారు వాళ్ళు."

కలీచా చెక్కిన దుంపనే మళ్ళీ చెక్కసాగింది. ఆమెకూ ఏడుపొచ్చింది, కానీ కోడలి ముందు ఏడవడం ఆమెకు అలవాటు లేదు.

మూడు వారాల్లో బురుల్ అన్ని ప్రశ్నలకూ ఐదు తెచ్చుకుంది. పదకొండోది కూడా కన్నార్పకుండా చెప్పగలిగేది. సెజిమే చెప్పించింది, పొద్దున పళ్ళు తోముకుంటున్నప్పుడు, ఆవును కట్టేస్తున్నప్పుడు, హఠాత్తుగా వెనకనుంచి అడిగేది. ఇంగ్లీషులో అది పలకడం రానురాను సూది గుచ్చడమంత తేలికైపోయింది. ఆ మాటకు ఈ ఇంట్లో ఏ అర్థమూ లేదు, ఆ మాటతో ఎవరూ ఎవర్నీ పిలవలేదు. గడి మాత్రం ఖాళీగానే ఉంది. ఎందుకు వేయలేదని బురుల్ అడగలేదు.

పద్దెనిమిదిన తెల్లవారుతూనే షేర్ టాక్సీ ఎక్కి మొగుడూ పెళ్ళాం, కొడుకులిద్దరూ పట్నం చేరారు. పిల్లలు వెనక కుర్చీల్లో కూర్చున్నారు, బురుల్, తాలాయ్ కిటికీ ముందు నిలబడి చెయ్యెత్తి ప్రమాణం చేశారు. అద్దం అవతల ఎర్రజుట్టు ఆఫీసరు, పక్కనే అనువాదం చెప్పడానికి మన అమ్మాయి ఒకతె. మా నారిన్ జిల్లా పిల్లేనని మాటతీరే చెబుతోంది. ఆఫీసరు ఏదో అన్నాడు. బురుల్ నోట్లో జవాబు సిద్ధంగా ఉంది. కానీ ఆ అమ్మాయి నవ్వుతూ ముందుకు వంగి, మన మాటల్లో, చుట్టమింటికొచ్చిన మనిషిలా అడిగింది.

"మీకు పిల్లలెంతమంది అక్కా? మనవాళ్ళలో మొదటి బిడ్డను అత్తమామలకిస్తారు కదా. అలా ఇచ్చినవాళ్ళు ఎవరన్నా ఉన్నారా?"

బురుల్ దీనికి తయారు కాలేదు. ఈ ప్రశ్న ఈ భాషలో ఆమెను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు, తనను కన్నతల్లి కూడా అడగలేదు. నోరు తెరిచింది. లేరు అనడానికి నాలుక తిరగలేదు. ఉంది అనడానికీ తిరగలేదు. పక్కన తాలాయ్ తన బూట్ల వంక చూస్తున్నాడు, అతని చెవులు ఎర్రబడిపోయాయి.

"టూ" అంది బురుల్.

ఆ అమ్మాయి నవ్వు ఆగిపోయింది. మన మాటల్లో అడిగినదానికి మన మనిషి ఇంగ్లీషులో జవాబెందుకు చెప్పిందో ఆమెకు ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఆఫీసరు వైపు తిరిగింది. అనువదించాల్సిన పని లేకపోయింది, అతను అప్పటికే రాసుకుంటున్నాడు. పది నిమిషాల తర్వాత పాస్‌పోర్టులు తన దగ్గరే ఉంచుకుని, అభినందనలు అన్నాడు.

తిరుగు ప్రయాణంలో తాలాయ్ ఒకే ఒక్క మాట అన్నాడు. "బాగానే చెప్పావు." ఆ తర్వాత ఇల్లు చేరేదాకా కిటికీలోంచి వాగునే చూస్తూ కూర్చున్నాడు.

సాయంత్రం వంటింట్లో కలీచా అతిథుల కోసం పిండి ముద్దలు వేయిస్తోంది. సెజిమ్ నోటుబుక్కు తెచ్చుకుని ఎప్పటిలాగే బల్ల ముందు కూర్చుంది.

"పదకొండోది అడిగారా?"

"అడిగారు."

"ఇంగ్లీషులోనేనా?"

"కాదు, మన మాటల్లో. మన పిల్లే అడిగింది."

"మరి నువ్వు?"

"ఇంగ్లీషులోనే చెప్పాను."

సెజిమ్ పెన్ను మూత పెట్టి తీసింది. "అదేంటి వదినా. మన మాట నీకు వచ్చు కదా."

"నోరు రాలేదు" అంది బురుల్.

పిల్ల ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది, ఆఫీసరు చూసినట్టు కాదు. తర్వాత నోటుబుక్కు మీదకు వంగి, ఇన్నాళ్ళూ ఖాళీగా ఉంచిన గడిలో ఐదు వేసింది. వేసి, పుస్తకం మూసి, కేటిల్ అందుకుని రోజూ పిలిచినట్టే పొయ్యి వైపు పిలిచింది.

"అమ్మా, టీకి నీళ్ళు పెట్టనా?"

బురుల్ తల గిరుక్కున తిరిగింది. తిరిగాక గాని ఆమెకు తెలియలేదు.

కలీచా అది చూసింది. చేతిలో గరిటె అలాగే పట్టుకుని, ఆ పిలుపుకు ఆ ఒక్కసారి పలక్కుండా ఊరుకుంది.