కారద్దాలకు కొబ్బరినూనె

ఈపొద్దు నేను చేసిన ఘనకార్యం వింటే నీకు టీ గొంతు దిగదు సుబ్బన్నా! పాలు లేని టీ ఎట్లాగూ దిగదులే, అయినా విను.

ఇరాకోళ్లు కువైట్‌లోకి వచ్చినాక సల్వా పేటలోని మా ఇంట్లో మిగిలింది నేను అమ్మా అన్నట్టు మామా అని పిలిచే యజమానురాలు, ఆమె డ్రైవర్ నేను, ఇద్దరమే. ఆమె కొడుకును సైనికులు పట్టుకుపోయి ఠాణాలో పెట్టినారు. ఖైదీలను ఏదో ఒకరోజు తెల్లారుతూనే బస్సులో యాడికో తోలుకపోతారని ఎవరో చెప్పినారు. ఒక్కసారి కొడుకు మొహం చూస్తే చాలని ఆ తల్లి ఆశ. రోజూ పోయి ఠాణా ముందర రోడ్డుపక్కన కార్లో కూర్చుంటాం. "దిగినా, అద్దం దించినా కాలుస్తా" అని కాపలావాడు ముందే చెప్పినాడు.

చలికాలం, తెల్లారుజామున ఎడారి చలి; పెట్రోలు కరువు, హీటర్ వెయ్యలా. నిన్న మా ఊపిరికే అద్దాల లోపల మంచు పట్టేసింది. తుడిస్తే మళ్లీ పట్టె! బస్సు రాలేదు కాబట్టి సరిపోయింది.

నా బుర్ర ఊరుకుంటుందా? ఇడ్లీ పళ్లేనికి నూనె రాస్తే పిండి అంటదు, అద్దానికి రాస్తే మంచు ఎట్ల అంటుతాది! పొయ్యి పక్కన పెట్టుకున్న కొబ్బరినూనె తీసి, సాయంత్రం అద్దాలన్నిటికీ లోపల దట్టంగా పట్టించినా. "రేపు చూడండి మామా, మెరిసిపోతాది" అని గొప్పలు కూడా పోయినా.

నవ్వు, నవ్వు! కొబ్బరినూనె చలికి గడ్డకడతాదని మన కడపలో చంటిపిల్లకు కూడా తెలుసు. పొద్దున చూస్తే అద్దాలకు సున్నం కొట్టినట్టుంది! టైం లేదు. నా ముందర అరచేయంత గీకి, దాంట్లోంచి చూస్తా తోలినా. వెనక ఆమె పక్క అద్దం గుడ్డతో రుద్దితే ఇంకా అలుక్కుపోయింది.

ఠాణా ముందర ఆపినామో లేదో బస్సు వచ్చింది. ఆమె పక్క నుంచే! శబ్దం వినపడతాంది, అద్దంలో తెలుపు తప్ప ఏమీ లేదు. ఆమె గోళ్లతో గోకుతాంది, నేను వెనక్కి తిరిగి గోకుతాండా. పోయింది. ఖలాస్.

స్టీరింగ్ మీద తలపెట్టి ఏడ్చినా అన్నా. ఇంక కొడుకును యాడ చూస్తాది ఆ తల్లి?

ఆమె నా భుజం మీద చెయ్యేసింది. "ఏడవద్దు నాయనా, నేను చూసినాలే. కిటికీ దగ్గరే కూర్చున్నాడు, చెయ్యి ఊపినాడు" అనింది. ఇల్లు చేరేదాకా అదే మాట. నీలం చొక్కా వేసుకున్నాడంట. కొంచెం చిక్కినాడంట. "అవును మామా" అంటా వచ్చినా.

నాకు బస్సే కనపడలేదు సుబ్బన్నా! నాలాంటి తెలివైనోన్ని పనిలో పెట్టుకున్న పాపానికి, కొడుకును చూడలేకపోయిన తల్లే డ్రైవర్‌ను ఓదార్చాల్సి వచ్చె.