నలభై ఒకటో బోరు పేజీ

ముందు పోయినవి చెబుతాను. ఆరు వందల పదమూడు పేజీలు. అందులో నీళ్లు పడిన బోర్లవి మూడు వందల ఎనభై ఎనిమిది, ఫెయిలైన బోర్లవి రెండు వందల ఇరవై అయిదు. వాటితోపాటు పోయిన ఫొటోలకు లెక్క లేదు. ఆరేళ్ల పని. నా వెబ్‌సైట్ ఉన్న సర్వర్‌లో డిస్క్ పాడైంది. బ్యాకప్ ఉంటుందన్నవాళ్ల దగ్గర బ్యాకప్ లేదు. నేను దాచుకున్న కాపీలో సగం ఫైళ్లు తెరుచుకోలేదు.

దయ్యాల కబుర్లంటే నాకు చిన్నప్పటి నుంచీ విసుగు. అరచేతిలో కొబ్బరికాయ నిలబెట్టి నీళ్ల జాడ చెప్పేవాళ్లనే నేను నమ్మను. వాళ్లు చూపించిన చోట ఎన్నిట్లో నీళ్లు పడ్డాయో, ఎన్నిట్లో దుమ్ము లేచిందో లెక్క కట్టి రాసిన మనిషిని. అందుకే ఈ సంగతి రాయడానికి ఇన్నాళ్లు మనసొప్పలేదు.

మోత్కూరులో నాకు జిరాక్స్ షాపు ఉంది. చదివింది ఇంటర్. వెబ్‌సైట్ చేయడం ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. ఒక్కో బోరుకు ఒక్కో పేజీ: ఏ ఊరు, ఎంత లోతు, నీళ్లు పడ్డాయా లేదా. పేజీకి ఊరి పేరు, వరుస నంబరు. నాకు ఎవరు ముందు చెబితే వాళ్లకు ముందు నంబరు.

ఇందులో కష్టమంతా ఫెయిలైన బోర్లతోనే. మా వైపు అవి ఎవరూ బయటికి చెప్పరు. తెలిస్తే అప్పు పుట్టదు, భూమికి రేటు రాదు. గుంత మీద బండ పెట్టి, మట్టి కప్పి ఊరుకుంటారు. ఏడాది తిరిగేసరికి పక్క చేను ఆయన పది గజాల అవతల మళ్లీ వేస్తాడు. అతను బోరు లారీని పిలిచే ముందు ఫోన్లో ఒకసారి వెతికితే ఆ పాత బోరు కనిపించాలి. నా ఆశ అంతే.

అలా కనిపించాలంటే సెర్చ్ ఇంజన్ వాళ్ల రోబో మన సైటుకు రావాలి. రోబో అంటే ఒక ప్రోగ్రాం. లింకులు పట్టుకుని పేజీ పేజీ తిరిగి చదువుకుని పోతుంది. అది చదవని పేజీ వెతికినా దొరకదు. ఎప్పుడు వచ్చింది, ఏ పేజీ అడిగింది అనేది సర్వర్‌లో ఒక్కో వరుసగా పడుతుంది. మంచి రోజుల్లో దినానికి నలభై సార్లు వచ్చేది. పేజీలు పోయాక రెండు మూడు సార్లకు పడిపోయింది. నేను పేజీలు మళ్లీ ఒక్కొక్కటే రాస్తూ, రోజూ పొద్దున షాపు తెరవగానే అది ఎన్నిసార్లు వచ్చిందో చూసుకునేవాణ్ణి.

మొదట మా అక్క వాళ్ల ఊరి పేజీలు రాశాను. కారణం మా బావ సైదులు. ఆయనకు నాలుగెకరాల బత్తాయి తోట. చెట్లు కాపుకు వచ్చే ఏడే బోరు ఎండిపోయింది. తర్వాత వేసిన రెండూ ఫెయిలయ్యాయి. మూడోదానికి తయారవుతున్నాడు. ఇది కూడా పోతే తోట ఉండదు, తోట మీద తెచ్చిన అప్పుకు భూమీ ఉండదు.

ఆ ఊరికి మొదటి నుంచీ ఉన్నవి ముప్పై ఏడు పేజీలు. ముప్పై ఏడూ తిరిగి రాశాను. మర్నాడు చూస్తే రోబో ఆ ఊరి నలభై ఒకటో పేజీ అడిగింది.

అలాంటి పేజీ లేదు. ఎన్నడూ లేదు. లేదని సర్వర్ జవాబిచ్చింది. మర్నాడు మళ్లీ అడిగింది. ఇంకేమీ అడగని రోజు కూడా అది ఒక్కటి అడిగి పోయేది.

నా చేతనైనంత వెతికాను. నా సైటులో ఆ లింకు ఎక్కడా లేదు. పాత కాపీలో లేదు. ఎవరైనా రోబో పేరు పెట్టుకుని ఆడుకుంటున్నారేమోనని అది వచ్చిన అడ్రసు సరిచూశాను. అసలైనదే. సర్వర్ కంపెనీ ఇంజనీరును అడిగితే, రోబోలు ఒక్కోసారి నంబర్లు ఊహించి అడుగుతాయన్నాడు. మరి ముప్పై ఎనిమిది ఎందుకు అడగలేదు? ముప్పై తొమ్మిది, నలభై ఎందుకు అడగలేదు? ఇంకే ఊరికీ ఇలా ఎందుకు అడగలేదు? ఆయన వేరే కాల్ వస్తోందన్నాడు.

బావకు చెప్పాను. ఆయన పగలబడి నవ్వాడు.

"ఏం బామ్మర్ది, నీ కంప్యూటర్‌కు గిట్ల పూనకం వస్తాందా ఏంది? దానికన్న నా కొబ్బరికాయ నయం."

"బావా, జర ఆగు. ఊర్లె దాచిన బోర్లు ఇంకా ఉన్నయి. అవి తెలిసినంక వేద్దువుగాని."

"నేను ఆగుత. చెట్లు ఆగుతయా?"

అయినా నెల గడువిచ్చాడు. నేను ఆ ఊళ్లో ఇంటింటికీ తిరిగాను. ముగ్గురు నోరు విప్పారు. ముగ్గురివీ పాత ఫెయిల్ బోర్లే. ముప్పై ఎనిమిది, ముప్పై తొమ్మిది, నలభై అయ్యాయి. నాలుగో మనిషి జంగయ్య చెబుతానని మాటిచ్చాడు. అది నలభై ఒకటో పేజీ చేసి పెడితే ఈ పీడ వదులుతుందనుకున్నాను. తెల్లారి పోతే ఆయన గడప దగ్గరే నిలబెట్టాడు.

"నాకు బోరే లేదు పో. ఎవడు చెప్పిండు నీకు?"

వారం తిరిగాక బావ లారీని పిలిచాడు. తమిళనాడు బండి. నేనూ పోయాను. అయిదు వందల ఇరవై అడుగుల దాకా తెల్లటి పిండి లేస్తూనే ఉంది. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది. బావ కనుబొమల నిండా దుమ్ము. చాలు, ఆపేయమని ఆయనే చెయ్యి ఊపాడు. బండ తేవడానికి పోతుంటే అక్క అడ్డం తిరిగింది.

"దాచుడెందుకు? రాయి తమ్మీ. మాది గూడ రాయి."

రాశాను. వరుసలో వచ్చిన నంబరు నలభై ఒకటి.

ఆ రోజు నుంచి రోబో ఆ పేజీ అడగలేదు. పేజీ ఉందని నేను దానికి చేతనైన పద్ధతులన్నిట్లో తెలిపాను. మిగతా నలభై పేజీలూ చదువుకుని పోయింది. ఇది మాత్రం ఇప్పటికీ చదవలేదు. వెతికితే దొరకదు.

పదిహేను రోజులు గడిచాక నలభై రెండో పేజీ అడిగింది.

అక్కకు ఏమీ చెప్పలేదు. బావకు చెప్పాను. ఈసారి నవ్వలేదు. తోటలో సగం చెట్లు పోయాయి. మిగతావాటికి ట్యాంకర్ నీళ్లు పోస్తున్నాడు. ఉత్తరం గట్టు దగ్గర బోరుకు ఇంకో పాయింటు చూసి పెట్టుకున్నాడు, లారీని మాత్రం పిలవలేదు. రోజూ పొద్దున నేను షట్టర్ ఎత్తేసరికి ఫోన్ చేస్తాడు.

"ఇయ్యాల గూడ నలభై రెండుకు వచ్చిందా?"

"వచ్చింది బావా."

"సరె. రాని దినం చెప్పు. లారీకి ఫోన్ కొడత."

ఆ ఊళ్లో ఆ తర్వాత ఎవరూ బోరు వేయలేదు. వేసినా నాకు చెప్పలేదు. అది నంబర్లు ఎక్కడ నుంచి తెస్తోందో నాకు తెలియదు. తెలుసుకునే ఓపిక కూడా అయిపోయింది. ఈ పొద్దున కూడా వచ్చి అడిగింది, లేదని సర్వర్ చెబితే పోయింది. దానికి నేను బాకీ ఉన్నది ఒక్క పేజీ, నలభై రెండు.